రెండువేల మూడు పాటలు నచ్చినందుకు

ముందుగా మీరంతా నన్ను క్షమించాలి. నాకు అక్షరాలు వచ్చి ఆరేళ్ళే అయింది. ఒత్తులు పడాల్సిన చోట పడవు, అక్కర్లేని చోట పడతాయి. ఈ నాలుగు పేజీలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. తప్పులున్న చోట మీరే దిద్దుకుని చదవండి. జరిగిన విషయంలో మాత్రం తప్పు లేదు. దానికి ప్రభుత్వం వారి కాగితాలు నా దగ్గర ఉన్నాయి.

మాది నల్లగుంట్లపాడు. మా ఊళ్ళో నా ఈడు వాళ్ళం దాదాపు అందరం జనవరి ఒకటో తారీఖున పుట్టాం. కార్డుల ప్రకారం అన్నమాట. కార్డు రాసినాయన "ఎప్పుడు పుట్టావు?" అని అడిగితే మేము "పెద్ద తుపాను వచ్చిన మరుసటేడు" అనో, "మా అన్న తర్వాత మూడేళ్ళకి" అనో చెప్పాం. ఆయన మా మొహాలు చూసి తలా ఒక సంవత్సరం వేసి, అందరికీ కలిపి జనవరి ఒకటి పెట్టేశాడు.

ఇంతమంది ఒకే రోజు పుట్టడం పైవాళ్ళకు నచ్చలేదు. అసలు వయసు తేల్చడానికి ఒక సంఘం వేశారు. సంఘంలోని పెద్దలు రెండేళ్ళు ఆలోచించి ఒక సత్యం కనిపెట్టారు. మనిషికి ఏ సంవత్సరపు సినిమా పాటలు అన్నిటికన్నా ఇష్టమో, ఆ సంవత్సరం ఆ మనిషికి పదహారేళ్ళు. జుట్టుకు రంగు వేసుకోవచ్చు, పళ్ళు కట్టించుకోవచ్చు, కార్డు మార్పించుకోవచ్చు, ఇష్టాన్ని మాత్రం ఎవరూ మార్చుకోలేరు అని వాళ్ళు రాశారు. ఆ సంవత్సరానికి 'ప్రీతి సంవత్సరం' అని పేరు పెట్టారు. అందులోంచి పదహారు తీసేస్తే పుట్టిన సంవత్సరం వస్తుంది. ఇకమీదట వేరే ఆధారాలేవీ చెల్లవని ఉత్తర్వు వచ్చింది.

మా ఊరికి ఒక పిల్ల చేతిలో పలకలాంటి ఫోను పట్టుకుని వచ్చింది. ఎందుకు అడుగుతోందో చెప్పలేదు. చెబితే జనం అబద్ధమాడతారని చెప్పొద్దన్నారట. ఇంటింటికీ వెళ్ళి, "అవ్వా, నీకు ఏ ఏడాది పాటలంటే బాగా ఇష్టం?" అని అడిగి, రాసుకుని, బొటనవేలు వేయించుకుని పోయింది. జనం ఉత్సాహంగా చెప్పారు. పాటల గురించి ప్రభుత్వం అడగడం అదే మొదటిసారి.

నెల తిరక్కుండా వయసులు వచ్చాయి.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాకు పూర్వం డేరా సినిమా ఉండేది. ఏ సినిమా అయినా పట్నాల్లో ఆడి, చిన్న ఊళ్ళు తిరిగి, గీతలు పడి, అతుకులు పడి, ఇంకెవరికీ అక్కర్లేదనుకున్నాక ఆ రీళ్ళ పెట్టె మా డేరాకి చేరేది. దానికి తొమ్మిదేళ్ళు పట్టేది. ఆట ముందు మైకులో వేసే రికార్డులు కూడా అప్పటివే. అంటే మా ఊళ్ళో పదహారేళ్ళ వాళ్ళు మోజుపడ్డ పాటలు లోకానికి తొమ్మిదేళ్ళ పాతవి. అందువల్ల ఊరు ఊరంతా ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిదేళ్ళు పెరిగింది.

యాభై నాలుగేళ్ళ మస్తాన్ బడిలో అటెండరు. అతనికి అరవై మూడు వచ్చాయి. బడి గంట కొడుతూ కొడుతూ మధ్యలో రిటైరయ్యాడు. మా సర్పంచి గారు కుర్రకారు ఓట్ల కోసం ఈ ఏడాది పాటలే తనకు ప్రాణమని చెప్పి ఉన్నారు. ఆయనకు పదహారేళ్ళు వచ్చాయి. మైనరు కాబట్టి పదవి పోయింది. పాత కీర్తనలు తప్ప ఏదీ వినని పూజారి గారికి మూడు వందల పైచిలుకు వచ్చింది. ఆయన ఫైలును పురావస్తు శాఖకు పంపారు. పాటలంటే తనకు ఇష్టమే లేదన్న కరణం గారి తమ్ముడిని, ఇంకా పుట్టనివారి జాబితాలో రాశారు.

నాకు ముప్పై ఎనిమిది వచ్చాయి.

నాకు నిజంగా అరవై ఎనిమిది. కానీ ఆ పిల్ల అడిగినప్పుడు నేను "రెండువేల మూడు" అని చెప్పాను. తడుముకోకుండా చెప్పాను. మా ఆయన దేవరపు వెంకటప్పయ్య డేరాలో ఆపరేటరు. డేరా ఎత్తేశాక తొమ్మిదేళ్ళు ఇంటి అరుగు మీద కూర్చుని, 2003లో పోయాడు. ఆ ఏడాదే మా అమ్మాయి శేషారత్నం తన పాత టేపురికార్డరు నా దగ్గర పెట్టి, అత్తగారి ఊరికి పోయింది. అందులో ఒకే ఒక్క క్యాసెట్టు, ఆ ఏడాది సినిమాల్లో పాటలు. అడ్డాకుల విస్తళ్ళు కుట్టుకుంటూ రెండు వైపులా అరిగేదాకా విన్నాను. అందులో రైలు తప్పిపోయిన పిల్ల ప్లాట్‌ఫారం మీద కూర్చుని పాడే పాట ఒకటి ఉంటుంది. ఆ పిల్లకు కొంచెం కూడా బాధ ఉండదు. అదంటే నాకు మరీ ఇష్టం.

ముప్పై ఎనిమిదని తెలిసి మొదట నవ్వుకున్నాను. కంటి డాక్టరు దగ్గరికి పోయిన రోజు నవ్వు పోయింది.

నా కళ్ళకు శుక్లాలు వచ్చాయి. అరవై రెండో ఏట అనసూయ టీచరు పుణ్యమా అని అక్షరాలు వచ్చాయి. బస్సు బోర్డు ఎవరినీ అడక్కుండా చదువుకుని ఎక్కడం, మందు సీసా మీద ఏముందో నేనే చూసుకోవడం, పేపరు ఒక్క పేజీ పొద్దుటినుంచి మాపటిదాకా చదవడం. ఆ సుఖం ఆరేళ్ళు అనుభవించాను. ఆ తర్వాత అక్షరాలన్నీ పాలల్లో పడ్డట్టు కనిపించసాగాయి. మండలంలో ఉచిత కంటి శిబిరం పెడితే శేషు నన్ను తీసుకుపోయింది. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "రెండు కళ్ళూ బాగా ముదిరాయి. ఇంకో ఆరు నెలలు ఆగితే నేను కూడా హామీ ఇవ్వలేను" అంది.

పక్క బల్ల మీద కంప్యూటరు ముందున్నాయన నా నంబరు కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అరవై దాటినోళ్ళకే అమ్మా. నీకు ముప్పై ఎనిమిది. ఈ వయసుకి శుక్లాలు రావు."

"వచ్చాయి కదా బాబూ, డాక్టరమ్మ చూసింది కదా."

"వచ్చినా మా దాంట్లో రావు."

మర్నాడు మండల వయోనిర్ధారణాధికారి గారి దగ్గరికి పోయాం. ఆయన పేరు పరాంకుశం గారు. బల్ల మీద ఒక వైపు ఫైళ్ళు, ఇంకో వైపు పాటల పెట్టె. ఎదురుగా టైపు చేసే అమ్మాయి. మేము చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"మీ విజ్ఞాపనను సానుభూతితో పరిశీలించడం జరిగింది" అన్నారు, మేము ఇంకా చెబుతుండగానే.

"ఆమె మొహం చూడండి సార్" అంది శేషు. "ముప్పై ఎనిమిదేళ్ళ దానిలాగా ఉందా?"

"అమ్మా, ముఖము ప్రభుత్వం గుర్తించిన ఆధారం కాదు."

"నేనీమె కూతుర్ని సార్. నాకే యాభై."

"తమరి ప్రీతి సంవత్సరం?"

"తొంభై ఒకటి. డేరావి కాదు, టేపులో విన్నవి."

ఆయన వేళ్ళు మడిచి లెక్క చూసుకుని సంతోషపడ్డారు. "యాభై! సరిగ్గా యాభై! చూశారా, పథకం ఎంత ఖచ్చితంగా పనిచేస్తున్నదో."

"నాకు యాభై అయితే మా అమ్మకి ముప్పై ఎనిమిది ఎట్టా అయిద్ది సార్?"

"అది మీ కుటుంబ అంతరంగిక విషయం. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోదు."

నేను అడిగాను, "సార్, దీనికి మార్గమేమీ లేదా?"

మార్గముంది. దాన్ని 'పునఃప్రీతి విచారణ' అంటారు. 1981కి ముందు సంవత్సరపు పాట ఏదైనా వేస్తారు. వేలికి యంత్రం పెడతారు. పాట వింటున్నప్పుడు గుండె వేగం పెరగాలి, తర్వాత ఆ ప్రీతికి కారణం చెప్పాలి. రెండూ కుదిరితే వయసు మారుస్తారు. మా ఊరి పేరు చూసి, నా ఈడు ఆడవాళ్ళందరికీ పడ్డ 1964 పాటనే నాకూ ఖాయం చేశారు. పది రోజుల గడువిచ్చారు.

"అట్టా అయితే మస్తానన్న దగ్గరికే పోదాం" అంది శేషు.

రిటైరయిన మస్తాన్ అప్పటికే తన వసారాలో ప్రీతి శిక్షణా కేంద్రం తెరిచాడు. బడి నుంచి తెచ్చుకున్న గంట ఒకటి వేలాడదీశాడు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చి చాపల మీద కూర్చుని తమ తమ సంవత్సరాలు ఇష్టపడటం నేర్చుకుంటున్నారు. ఒక మూల పదహారేళ్ళ సర్పంచి గారు మళ్ళీ నలభై ఏడేళ్ళవారు కావడానికి 1994 నాటి పాటలకు పెదవులు కదుపుతున్నారు.

"రా పిన్నీ, కూర్చో" అన్నాడు మస్తాన్. "ఇది చాలా తేలిక. మొదటి చరణానికి కళ్ళు మూయాలి. రెండో చరణానికి ఒక్కటే నిట్టూర్పు. పాట అయిపోయినాక 'ఆ రోజులే వేరు' అనాల. అంతే. అంతకు మించి చేసినవా, దొంగ ప్రీతి అని రాస్తారు."

"నిట్టూర్పు ఎంతసేపురా?"

"చెంబులో నీళ్ళు ఒంపినంతసేపు. ఆ సర్పంచిలాగా కాదు. ఆయన నిట్టూరిస్తే బర్రె పడుకున్నట్టుంది."

"ఏరా మస్తానూ, వినపడతా ఉంది!" అన్నారు సర్పంచి గారు.

"మైనర్లు మాట్లాడకూడదు సార్, గంట కొట్టలా ఇంకా."

పది రోజులు నేర్చుకున్నాను. అక్షరాలు నేర్చుకున్న దాన్ని, నిట్టూర్పు నేర్చుకోలేనా అనుకున్నాను. మస్తాన్ దగ్గర ఆ పాట లేదు. పాట ఉన్నట్టు అనుకుని, గంట మోగగానే నిట్టూర్చేదాన్ని. చివరి రోజు నన్ను నిలబెట్టి, "నాంచారమ్మ పిన్నిని చూసి నేర్చుకోండి" అని అందరికీ చూపించాడు.

విచారణ రోజు పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. టైపు అమ్మాయి నా వేలికి బట్టల క్లిప్పులాంటిది తగిలించింది. "పాటను ప్రసారం చేయవలసిందిగా ఆదేశించడమైనది" అని ఆయనే అని, ఆయనే మీట నొక్కారు.

పాట మొదలైంది. నేను కళ్ళు మూసుకున్నాను. మొదటి చరణం బాగానే గడిచింది. రెండో చరణంలో వేణువు వచ్చింది. నిట్టూర్చాలి. నిట్టూర్చలేదు. లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకు తెలియదు. క్లిప్పు తీగ సాగింది. గది మూలకు నడిచాను. అక్కడ మంచినీళ్ళ కుండ ఉంది. దాని మూత తీసి లోపలికి చూస్తున్నాను.

"అమ్మా!" అని శేషు పిలిచేదాకా నాకు ఒళ్ళు తెలియలేదు.

"సార్, నూట పద్దెనిమిది!" అంది టైపు అమ్మాయి. "ఇప్పటిదాకా ఇంత ఎవ్వరికీ రాలేదు!"

పరాంకుశం గారు మురిసిపోయి కలం తీశారు. "అపూర్వమైన ప్రీతి. మంజూరు చేస్తున్నాం. కారణం మాత్రం చెప్పండి, కాలమ్ నింపాలి."

ఆ రోజులే వేరు అని చెప్పాలి. శేషు పక్కనుంచి మోచేత్తో పొడుస్తూనే ఉంది. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఎసరు పెట్టాల సార్. క్యారియరు ఆలస్యమవుద్ది."

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను. డేరాలో మొదటి ఆటకు ముందు మూడు రికార్డులు వేసేవాళ్ళు. ఊరంతటికీ వినపడేవి. మొదటి రికార్డుకు నేను పొయ్యి అంటించాలి. రెండో రికార్డుకు ఎసరు పెట్టాలి. మూడో దానికి బియ్యం పడాలి. ఆట మొదలయ్యేలోపల ఆయనకు క్యారియరు డేరాకి చేరాలి. ఇప్పుడు వేసింది రెండో రికార్డు.

"చేరకపోతే?" అని అడిగింది టైపు అమ్మాయి.

"ఇంటర్వెల్లులో ఆయనే ఇంటికి వచ్చేవాడమ్మా."

శేషు కిటికీలోంచి బయటికి చూస్తోంది. పరాంకుశం గారు కలం మూత పెట్టారు.

"ఇది ప్రీతి కాదు" అన్నారు. "భయము. భయానికి మా దగ్గర కాలమ్ లేదు. నిబంధనల ప్రకారం మీరు మొదట చెప్పిన సంవత్సరాన్ని కూడా పోల్చి చూడవలసి ఉంటుంది."

మళ్ళీ మీట నొక్కారు. రైలు తప్పిన పిల్ల పాట వచ్చింది. దీనికి నాకెవరూ శిక్షణ ఇవ్వలేదు. ఊరికే కూర్చున్నాను. పాట అయిపోయాక, "ఇంకోసారి వెయ్యి బాబూ" అన్నాను. అధికారిని బాబూ అన్నానని తర్వాత తెలిసింది.

"అరవై నాలుగుకి దిగింది సార్" అంది టైపు అమ్మాయి. "దిగితే ఏం రాయాలి?"

ఆయన పుస్తకం తిరగేశారు. పెరిగితే ప్రీతి అని ఉంది. దిగితే ఏమిటో లేదు. "కారణం చెప్పండి" అన్నారు.

"ఈ పాట వచ్చేటప్పుడు నేను ఎవరికీ ఏమీ వండనక్కర్లేదు సార్."

టైపు చప్పుడు ఆగింది. "ఇది టైపు చెయ్యనా సార్?"

పరాంకుశం గారు పుస్తకం మూశారు. "కారణం, విశ్రాంతి అని రాయి. ప్రీతి సంవత్సరం రెండువేల మూడుగా ధ్రువీకరించడమైనది. వయసు ముప్పై ఎనిమిది. దీనిపై ఇక విచారణ లేదు."

శేషు ఏడ్చేసింది. "ఆమె చదువుకుంటది సార్! ఈ వయసులో అక్షరాలు నేర్చుకుంది. కళ్ళు పోతే ఆమెకు ఇంకేముంది?"

"ఏ వయసులో?" అన్నారాయన. ఉన్నట్టుండి కుర్చీలో ముందుకు వంగారు. "ముప్పై ఎనిమిదేళ్ళ యువతి. రెండు కళ్ళకూ చూపు మందగించినది. రాష్ట్ర యువశక్తి ఈ విధంగా నిర్వీర్యం కావడం అత్యంత శోచనీయం. ఇది పై అధికారుల దృష్టికి రాలేదా?"

"ఏది సార్?"

"యువ దృష్టి పథకం! నలభై లోపు వారికి వరుసతో పనిలేదు. ఇంటి ముందుకు వాహనం వస్తుంది. మా మండలం నుంచి ఒక్క పేరు కూడా వెళ్ళలేదని నిన్ననే నాకు మెమో వచ్చింది." ఆయన నా వైపు ఆప్యాయంగా చూశారు. "అమ్మాయీ, నీకింకా రెండేళ్ళు టైముంది."

నాలుగో రోజు వాహనం వచ్చింది. పెద్దాసుపత్రిలో నర్సు నా కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూసింది. "నలభైలోపు ఆడోళ్ళని అడగాలి, ఏమనుకోకు అవ్వా. నెల తప్పిందా?" అంది. "తప్పి చాలా కాలమైంది తల్లీ" అన్నాను. ఆమె అది కూడా రాసుకుంది. దాంతో ఇంకో పరీక్ష చేసి, ఏమీ లేదని తేల్చుకుని, ఆపరేషను బల్ల ఎక్కించారు. శిబిరంలో నన్ను చూసిన డాక్టరమ్మే చేసింది. ఆమె నన్ను గుర్తుపట్టింది. కాగితం మీద సంతకాలన్నీ ఉన్నాయి కాబట్టి ఏమీ అనలేదు. నా చెయ్యి మాత్రం ఒకసారి నొక్కింది.

వారం తేడాతో రెండు కళ్ళకూ చేశారు. రెండో కట్టు విప్పిన రోజున ఇంటికి వచ్చేసరికి గడపలో ప్రభుత్వం కవరు పడి ఉంది. శేషు చదవబోతే, "ఇటివ్వు" అన్నాను. అక్షరాలు నల్లగా, అంచులతో సహా కనిపిస్తున్నాయి. కూడబలుక్కుంటూ పైకే చదివాను.

'శ్రీమతి దేవరపు నాంచారమ్మ అను వారు 1987లో జన్మించినట్లు తుదిగా నిర్ధారించడమైనది. వీరికి 1972లో వివాహమైనట్లు పాత రికార్డులలో కలదు. జన్మకు పదిహేను సంవత్సరములు ముందు జరిగినట్లు చెప్పబడుచున్న వివాహమును ప్రభుత్వము గుర్తించజాలదు. కావున వీరికి వివాహము జరగలేదు. కావున భర్త లేరు. కావున వీరు వితంతువు కారు. ఇంటిపేరు పుట్టినింటి వారిదిగా సవరించడమైనది. అభ్యంతరములున్నచో ముప్పది రోజులలోగా అప్పీలు చేసుకొనవచ్చును.'

శేషు నా చేతిలోంచి కాగితం లాక్కుని చూసింది. "వీళ్ళ మొహాలు మండ! ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేస్తే పెళ్ళే కాలేదంటారా? రేపే పోదాం. అప్పీలు పెడదాం."

నేను కాగితం మళ్ళీ తీసుకున్నాను. మొదటి నుంచి ఇంకోసారి చదివాను. 'భర్త లేరు' అన్న చోట వేలు పెట్టి ఆగి, ముందుకు పోయాను.

"వద్దులేవే."

"వద్దంటే ఎట్టా? వితంతు పింఛను పోద్ది."

"పోనీ. విస్తళ్ళున్నాయి, చేతులున్నాయి, ఇప్పుడు కళ్ళు కూడా ఉన్నాయి."

"మరి నేనెవరినంట?" అంది శేషు.

"నువ్వా? నాకన్నా పన్నెండేళ్ళు పెద్దదానివి. ఇన్నాళ్ళూ తెలియక ఏమే, ఒసే అన్నాను. తప్పయిపోయింది. కూర్చోండి అక్కయ్యగారూ, టీ తాగుతారా?"

అది కాసేపు మొహం ముడుచుకుని, తర్వాత పగలబడి నవ్వింది. నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టుకుంది. దానికి కూడా ఇంటర్వెల్లులో ఆయన చెప్పుల చప్పుడు తెలుసు. చిన్నప్పుడు నా వెనకాల నిలబడేది.

అప్పీలుకు గడువు నిన్నటితో అయిపోయింది. నేను పెట్టలేదు. అనసూయ టీచరు నాకు సంతకం నేర్పినప్పుడు దేవరపు అనే నేర్పింది. మా నాన్న ఇంటిపేరు కాగితం మీద ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ రాసి చూడలేదు. పొద్దుటినుంచి పలక మీద దిద్దుకుని, ఇక్కడ రాస్తున్నాను.

బొలిశెట్టి నాంచారమ్మ
వయసు ముప్పై ఎనిమిది
పంచాయతీ ఆఫీసు వెనక వీధి, నల్లగుంట్లపాడు